విశాఖలో పబ్లిక్ పార్కులో రాక్ క్లైంబింగ్ ఉత్సవం: స్థలం, నెల, అనుమతులపై సలహాలు కావాలి

ఉప్పుగాలి
సెలవు రోజుల్లో తాళ్లు భుజాన వేసుకుని కొండల వెంట తిరిగే మిత్రులం కొందరం కలిసి, ఈ చలికాలంలో నగరంలోని ఏదైనా పబ్లిక్ పార్కులో రెండు రోజుల రాక్ క్లైంబింగ్ ఉత్సవం జరపాలని అనుకుంటున్నాం. ప్రవేశం ఉచితం. ఎన్నడూ తాడు పట్టనివారు, ముఖ్యంగా పిల్లలు, ఒక్కసారైనా ఎక్కి చూడాలన్నదే ఉద్దేశం. అయితే స్థలం విషయంలో మాలో మాకే పొత్తు కుదరడం లేదు. కైలాసగిరి వాలులోని సహజమైన రాతి మీదనే జరపాలని ఒకరు, తెన్నేటి పార్కులో సముద్రానికి ఎదురుగా ఎత్తైన గోడ నిలబెట్టాలని మరొకరు, ఊరి మధ్య ఏదో ఒక పార్కు చాలునని ఇంకొకరు పట్టుబడుతున్నారు.

అనుమతి సంగతి మరీ చిత్రంగా ఉంది. ఒక కార్యాలయంలో ఇచ్చిన దరఖాస్తులో సభ, వివాహం, ప్రదర్శన, సర్కస్ అని గడులు ఉన్నాయే తప్ప మా పనికి సరిపడే గడి లేదు. గుమస్తా గారు చాలాసేపు ఆలోచించి, సర్కస్ గడిలో టిక్కు పెట్టమని సలహా ఇచ్చారు. పెట్టకుండా వచ్చేశాం. పైగా మేము చూసి వచ్చిన పార్కులో ఉదయం నడిచే పెద్దలు వద్దని ముందే అభ్యంతరం చెప్పారు. ఇలాంటివి నిర్వహించినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

ఉదయపు_నడక
అభ్యంతరం చెప్పినవారిలో నేను లేను గాని, అక్కడ ఉంటే నేనూ అదే మాట చెప్పి ఉండేవాణ్ని. పార్కులో ఏ కార్యక్రమం జరిగినా చివరికి మిగిలేది ఒక్కటే: షామియానా గుంజలు పాతిన గుంతలను ఎవరూ పూడ్చరు, తాడు ముక్కలు గడ్డిలోనే ఉండిపోతాయి, పేపరు ప్లేట్లు మొక్కల మొదళ్లలో చేరతాయి. తెల్లవారకముందే నడకకు వచ్చే మా వయసువారిలో మోకాళ్లు బాగున్నవారు తక్కువ. చీకట్లో ఒక గుంతలో కాలు పడితే ఆ మనిషి మళ్లీ నడకకు రావడం అనుమానమే. దానికి తోడు మైకు. పిల్లలు ఎక్కడం మంచిదే. ఆ సంగతి నాలుగు వీధుల అవతలికి వినబడేలా ప్రకటించవలసిన అవసరం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మురీ_మిక్చర్
సర్కస్ గడిలో టిక్కు పెట్టి ఉంటే, ఏనుగును ఎక్కడ కడతారో వివరించమని మర్నాడే ఇంకో కాగితం వచ్చేది.

తాడుముడి
ముందుగా స్థలం గురించి చెబుతాను. అది తప్పితే మిగిలినవన్నీ తప్పుతాయి. కైలాసగిరి వాలు మీద కొత్తవారిని ఎక్కించవద్దు. భువనగిరిలో ఉన్న గ్రానైట్ వేరు, మన తూర్పు కనుమల రాయి వేరు. అక్కడ ఏకశిల కనుక చెయ్యి వేసిన చోటు నిలుస్తుంది. ఇక్కడ పట్టు దొరికిందని బరువు వేసేసరికి పలక ఊడి చేతిలోకి వస్తుంది, అది నేరుగా కింద తాడు పట్టుకుని నిలబడినవారి మీదికి పోతుంది. అనుభవం ఉన్నవారు ప్రతి పట్టునూ అరచేత్తో తట్టి చూసి, బోలు శబ్దం వస్తే వదిలేస్తారు. తొలిసారి ఎక్కే పన్నెండేళ్ల పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండవది ఉప్పుగాలి (ఈ చర్చ మొదలుపెట్టినవారి పేరు కాదు, అసలు గాలి). రాతిలో బోల్టులు దిగగొట్టి, తాడు కట్టడానికి యాంకర్లు వేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. సముద్రతీరంలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు కూడా నమ్మదగినది కాదు. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల సన్నని పగుళ్లు పాకుతాయి, ఒకనాడు మనిషి బరువుకే తెగుతుంది. థాయిలాండ్ తీరపు కొండల మీద ఇదే జరిగి టైటానియం బోల్టులకు మారవలసి వచ్చింది. రెండు రోజుల పండుగ కోసం వేసి వదిలేసిన బోల్టును అయిదేళ్ల తరువాత ఇంకెవరో నమ్మి వేలాడతారన్నది కూడా మనమే ఆలోచించాలి.

కైలాసగిరి_కుర్రాడు
తాడుముడి గారి మాటతో నేను ఏకీభవించను. ప్లైవుడ్ పలక మీద రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు బిగించి దానికి రాక్ క్లైంబింగ్ అని పేరు పెడితే అందులో రాక్ ఎక్కడ ఉంది? హైదరాబాద్‌లో 1996 నుంచి శిలల పరిరక్షణ కోసం ఒక సంఘమే పనిచేస్తోంది. రాళ్ల మధ్యకు జనాన్ని తీసుకువెళ్లడం వల్లనే అక్కడివారికి ఆ రాళ్ల మీద మమకారం పుట్టింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ భువనగిరి బండ మీద నేర్చుకున్నవారే గాని పార్కులో గోడ ఎక్కి వెళ్లలేదు. మన ఊళ్లో ఇన్ని కొండలు పెట్టుకుని ప్లైవుడ్ ఎక్కడం నాకు సిగ్గుగా ఉంటుంది. కైలాసగిరి కాకపోతే మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం ఉంది కదా, ఫొటోలకు అంతకన్నా మంచి చోటు ఏముంది?

రాతిబడి
శిలాతోరణం జోలికి మాత్రం పోవద్దు. అలలు కోసి కోసి మిగిల్చిన బలహీనమైన రాయి అది. ఇప్పటికే ఫొటోల కోసం దాని మీదికి ఎక్కేవారిని చూసినప్పుడల్లా నాకు గుండె దడగా ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బలనూ ఇప్పుడే వదిలేయండి, ఎవరో అనబోతున్నారని తెలుసు. అది భూవారసత్వ స్థలం, పైగా ఇసుక. అందులో తాడుకు పని లేదు.

నేను భూగర్భశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ని కనుక కైలాసగిరి సంగతి కాస్త వివరిస్తాను. మన చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖొండలైట్. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ పొరలు పొరలుగా పేరుకున్న రాయి ఇది. తాజాగా పగలగొడితే గట్టిదే. కాని మన వానలకూ తేమకూ ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారిపోతుంది, ఇనుము తుప్పుపట్టి రాయంతా గోధుమ రంగుకు తిరుగుతుంది, పొరల మధ్య పట్టు పోతుంది. రోడ్డు కోసం కొండ కోసిన చోట దగ్గరికి వెళ్లి వేలి గోటితో గీకి చూడండి: తెల్లటి పిండి రాలుతుంది, మధ్యలో ఎర్రని గార్నెట్ గింజలు అలాగే నిలిచి ఉంటాయి. ఆ పిండే ఒకప్పటి ఫెల్డ్‌స్పార్. దాని మీద మనిషి బరువు వేలాడదీయడం గురించి తాడుముడి గారు చెప్పింది అక్షరాలా నిజం. గట్టి చార్నకైట్ బండలు మన వైపు లేకపోలేదు గాని, అవి పార్కుల్లో లేవు.

కైలాసగిరి_కుర్రాడు
రాతి విషయంలో మీ మాట వింటాను. అయితే గోడ పెట్టేదేదో ఘనంగా పెట్టండి. పారిస్ ఒలింపిక్స్‌లో చూసినట్టు వేగంగా ఎక్కే పోటీకి వాడే 15 మీటర్ల స్పీడ్ గోడ తెన్నేటి పార్కులో నిలబెడితే బీచ్ రోడ్డు మీద పోయేవారంతా బండ్లు ఆపి చూస్తారు.

మురీ_మిక్చర్
బండ్లు ఆపితే ట్రాఫిక్ పోలీసులు కూడా వచ్చి చూస్తారు.

గాలి_లెక్క
15 మీటర్లు వద్దు, 10 మీటర్లకే లెక్క చూడండి. నేను స్ట్రక్చరల్ పనులు చేస్తాను. గోడ వెడల్పు 3 మీటర్లు అనుకుంటే గాలికి ఎదురు నిలిచే వైశాల్యం 30 చదరపు మీటర్లు. తీరంలో మధ్యాహ్నం వేళ ఒక్కసారిగా గంటకు 54 కిలోమీటర్ల విసురు వచ్చిందనుకోండి, అంటే సెకనుకు 15 మీటర్లు. చదరపు మీటరుకు 135 న్యూటన్ల చొప్పున గోడ మీద పడే తోపు దాదాపు 410 కిలోల బరువుతో సమానం, అదీ నేల నుంచి 5 మీటర్ల ఎత్తున. చట్రం పాదం ముందు నుంచి వెనక్కి 3 మీటర్లు ఉంచి, రెండింతల భద్రత చూసుకుంటే, వెనక అంచున దాదాపు 1.4 టన్నుల బరువు పెట్టాలి. గోడ ఆకారాన్ని బట్టి పెరిగే గుణకాన్నీ, ఎక్కేవారి బరువునూ ఇంకా కలపలేదు. అవి కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇది మామూలు రోజు మాట. కట్టడాల మీద పడే భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. దానికి తట్టుకునే తాత్కాలిక గోడ పార్కులో కట్టలేరు. కనుక తుపాను హెచ్చరిక వస్తే ఎన్ని గంటల్లో విప్పగలరన్నది ముందే తేల్చుకుని, ఒకసారి విప్పి చూసుకోవాలి.

పొట్టి గోడ అయితే కథ మారుతుంది. 4 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల వెడల్పు, పాదం ముందు నుంచి వెనక్కి 2 మీటర్లు అనుకుంటే అదే గాలికి, అదే భద్రతకు 660 కిలోలు సరిపోతాయి. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు నాలుగు పెట్టినా 800 కిలోలు. మేకు దిగగొట్టే పని లేదు, గుంత తవ్వే పని లేదు. ఉదయపు_నడక గారు గమనించగలరు.

ఉదయపు_నడక
గమనించాను. డ్రమ్ముల్లో నీళ్లు చివరికి ఎక్కడ పోస్తారు?

గాలి_లెక్క
మొక్కలకు.

తాడుముడి
గాలి_లెక్క గారు బరువు వైపు నుంచి చెప్పినదాన్ని నేను క్యూ వైపు నుంచి చెబుతాను. ఎత్తైన గోడ మీద ఒక తాడుకు ఒక మనిషి. హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించే పట్టీ) తొడగాలి, ఎనిమిది అంకె ముడి వేయాలి, బిలే చేసేవారు, అంటే కింద తాడు పట్టి కాపాడేవారు, ఆ ముడినీ, ఎక్కేవారు బిలే పరికరాన్నీ ఒకరిదొకరు సరిచూసుకోవాలి, ఎక్కాలి, సగంలో భయపడి ఆగాలి, కింద అమ్మానాన్నలు ఫొటో తీయాలి, దిగాలి, విప్పాలి. ఎంత చురుకుగా జరిపినా మనిషికి ఎనిమిది నిమిషాలు. గంటకు ఏడుగురు. నాలుగు తాళ్లు, రోజుకు ఐదు గంటలు నడిపితే 140 మంది. ఉచితం అన్నాక ఆదివారం పార్కుకు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. మిగిలినవారంతా ఎండలో నిలబడి ఇంటికి పోతారు, పిల్లలు ఏడుస్తారు, పెద్దలు నిర్వాహకుల మీద అరుస్తారు.

పొట్టి గోడ మీద చేసేది బౌల్డరింగ్. తాడు లేదు, హార్నెస్ లేదు, కింద మందపాటి పరుపు ఉంటుంది. 6 మీటర్ల వెడల్పున ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎక్కవచ్చు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. గంటకు అరవై మంది ఎక్కినా పర్యవేక్షణ చేతిలోనే ఉంటుంది. పడితే ఏమవుతుందన్న భయం కూడా అక్కడే తీరుతుంది, ఎందుకంటే ప్రతివారూ ఎలాగూ పడతారు. నా మాట వింటే రెండు పొట్టి గోడలు పెట్టండి, తాడు మీద ఎక్కడాన్ని శిక్షకులు చేసి చూపే ప్రదర్శనగా ఉంచండి.

పెందుర్తి_అమ్మ
క్యూ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. నిరుడు ఒక చోట ఇలాంటి కార్యక్రమానికి మా పిల్లల్ని తీసుకువెళ్లాను. మూడు గంటలు నిలబడ్డాక మా చిన్నదాని వంతు వచ్చింది. ఆరేళ్ల పిల్లకు పెద్దవారి నడుము హార్నెస్ తొడిగి, జారకుండా చున్నీతో బిగించబోయారు. నేను వద్దని వెనక్కి తీసుకువచ్చాను. అది దారి పొడవునా నాతో మాట్లాడలేదు. చిన్నపిల్లలకు వేరే హార్నెస్ ఉండాలా, లేక నేనే ఎక్కువ భయపడ్డానా?

తాడుముడి
మీరు చేసింది సరైన పని. అంత చిన్నపిల్లలకు తుంటి ఎముక ఇంకా నిలబడదు. నడుము హార్నెస్ ఎంత బిగించినా జారుతుంది, తలకిందులైతే ఊడి బయటికే రావచ్చు. వాళ్లకు భుజాల మీదుగా కూడా పట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్ తొడగాలి. అది లేని చోట ఎక్కించకపోవడమే మేలు. బౌల్డరింగ్ గోడ మీద ఈ సమస్యే రాదు. వాళ్ల కోసం కింది రెండు మీటర్లలోనే అడ్డంగా సాగే దారి ఒకటి బిగిస్తే సరిపోతుంది.

పెందుర్తి_అమ్మ
ఇంకొక మాట. ఆడపిల్లలకు బట్టలు మార్చుకోవడానికి తెర కట్టిన చోటు, నీళ్లున్న మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు వచ్చి చూసి వెళ్లిపోతారే గాని ఎక్కరు. ఆహ్వానపత్రంలోనే వదులైన ప్యాంటు వేసుకుని రమ్మని రాయండి. పోస్టర్ మీద ఎవరెస్టు బొమ్మ కన్నా అది ఎక్కువ ఉపయోగం.

షామియానా_బాబాయి
పరుపుల కోసం బయటి ఊళ్ల నుంచి తెప్పించి డబ్బు తగలేయవద్దు. నాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లి విడిదికి ఇచ్చే పరుపులు కావలసినన్ని ఉన్నాయి, పిల్లల పని కనుక అద్దె తీసుకోను. రెండేసి వరసలు పేర్చి ఇస్తాను.

తాడుముడి
మీ మంచి మనసుకు కృతజ్ఞతలు, అయితే పరుపుల్ని అలాగే పేర్చితే కాళ్లు విరుగుతాయి. బౌల్డరింగ్‌లో దెబ్బలు తగిలేది ఎత్తు వల్లనే కాదు, రెండు పరుపుల మధ్య సందులో మడమ దిగి మెలిపడటం వల్ల కూడా. విడిది పరుపు పడుకోవడానికి మెత్తగా ఉంటుంది గాని, 3 మీటర్ల నుంచి దూకితే పూర్తిగా అణిగి నేల తగులుతుంది. పైన గట్టి ఫోమ్ పొర, కింద మెత్తని పొర, మొత్తం ఒక అడుగు మందం, అన్నింటినీ కలిపి కప్పే ఒకే టార్పాలిన్ కావాలి. అది గోడ కన్నా కనీసం 2 మీటర్లు బయటికి రావాలి. టార్పాలిన్ కుట్టించే పని మీరు చూసుకుంటే అదే పెద్ద సాయం.

షామియానా_బాబాయి
టార్పాలిన్ కుట్టే మనిషి మా దగ్గర ఉన్నాడు. కొలతలు ఇవ్వండి, అంచుల్లో ఇత్తడి కళ్లు వేయించి ఇస్తాను, చుట్టూ తాడు బిగించుకోవచ్చు.

వాల్తేరు_వకీలు
ప్రమాదం జరిగితే నిర్వాహకులకు బాధ్యత లేదని తల్లిదండ్రుల చేత సంతకం చేయించుకుంటే సరిపోతుందని చాలామంది నమ్మకం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరు ఒప్పందానికి అర్హుడే కాడు; తల్లిదండ్రుల సంతకం వారి సమ్మతికి సాక్ష్యమే తప్ప మీ నిర్లక్ష్యానికి కవచం కాదు. తాడు ఎప్పుడు కొన్నారు, ఏ ప్రమాణం ముద్ర ఉంది, ఆ ఉదయం ఎవరు తనిఖీ చేశారన్న పుస్తకం రాసి ఉంచుకోండి. కోర్టులో అదే పనికివస్తుంది. పబ్లిక్ లయబిలిటీ బీమా తీసుకోండి. అనుమతి కోసం ముందుగా ఆ పార్కు జీవీఎంసీదా (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏదా (నగరాభివృద్ధి సంస్థ) తేల్చుకోండి. తరువాత స్థానిక పోలీసు స్టేషన్, అగ్నిమాపక శాఖ, కరెంటు కావాలంటే ఈపీడీసీఎల్ తాత్కాలిక కనెక్షన్. తెన్నేటి పార్కు వంటి తీరపు చోటైతే కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు కూడా మీద పడతాయి, అందువల్ల ఊరి లోపలి పార్కే సుఖం.

గడి విషయానికి వస్తే, ఫారం పక్కన పెట్టి తెల్లకాగితం మీద ‘క్రీడా అవగాహన కార్యక్రమం’ అని రాసి, గోడ పటం, గాలి_లెక్క గారి లెక్క, శిక్షకుల జాబితా జతపరచండి. ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ పరిధిలో పనిచేసే శిక్షకులో, ఉత్తరకాశీ, డార్జిలింగ్ వంటి సంస్థల్లో కోర్సు చేసినవారో ఇద్దరుంటే అధికారులకు ధైర్యం వస్తుంది.

ఉదయపు_నడక
వకీలు గారు మైకు మాట మరిచారు.

వాల్తేరు_వకీలు
2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు నిషేధం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. మిగిలిన వేళల్లో కూడా అనుమతి ఉండాలి.

ఉదయపు_నడక
చట్టం ఉదయం ఆరు వరకే వద్దన్నదని మీరు ఆరు దాటగానే మైకు పట్టుకోవద్దు. మా వైపు షరతులు ఇవి: ఎనిమిది వరకు ట్రాక్ మీదికి ఎవరూ రాకూడదు, మైకు అసలే వద్దు, గోడలు గడ్డి మీద కాకుండా గట్టి నేల మీద ఉండాలి, ఆదివారం చీకటి పడేలోపు చెత్త తీసి చూపించాలి. వీటికి ఒప్పుకుంటే మా నడక మిత్రులతో నేను మాట్లాడతాను. ఒప్పిస్తానని మాట ఇవ్వను.

కైలాసగిరి_కుర్రాడు
మైకు లేకుండా ఉత్సవం ఎలా అవుతుంది? కనీసం పోటీ ఫలితాలు చెప్పడానికైనా కావాలి.

మురీ_మిక్చర్
పలక మీద సుద్దతో రాయండి. క్లైంబింగ్ వారి సంచుల్లో సుద్ద ఎలాగూ ఉంటుంది.

భీమిలి_రోడ్డు
నెల సంగతి ఎవరూ తేల్చలేదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏ పార్కులో ఎన్ని చెట్లు మిగిల్చిందో అందరం చూశాం. నవంబరులో కార్తీక మాసపు వనభోజనాలు కూడా పడతాయి, ఆదివారాల్లో ఉసిరి చెట్టు ఉన్న ప్రతి పార్కూ పులిహోరతో నిండి ఉంటుంది. డిసెంబరు 4 నేవీ డే, ఆ విన్యాసాలు మన ఊళ్లో జరిగే ఏడు రిహార్సల్స్ వల్ల బీచ్ రోడ్డు వైపు రాకపోకలు కష్టం. సంక్రాంతికి సగం ఊరు సొంత ఊళ్లకు పోతుంది. ఇక మిగిలింది జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి రెండు వారాలు. ఎండ ముదరదు, తేమ కూడా కాస్త తగ్గుతుంది.

తాడుముడి
తేమ గురించి నా మాట కూడా వినండి. రాత్రి గోడను విప్పకుండా వదిలేస్తే తెల్లవారేసరికి హోల్డుల (చేత్తో పట్టుకునే ఆ ప్లాస్టిక్ ముక్కల) మీద సన్నని జిగట పొర పట్టి ఉంటుంది. మంచుకు ఉప్పు కలిసి వస్తుంది, చెయ్యి జారుతుంది. పొడి బ్రష్‌తో రుద్దితే పోదు. ముందు తడిగుడ్డ, తరువాత పొడిగుడ్డ, ఆ తరువాతే బ్రష్. ప్లైవుడ్ మెరైన్ రకం తీసుకోండి, హోల్డుల బోల్టులు బిగిసే వెనకవైపు టీ-నట్లకు గ్రీజు రాయండి. లేకపోతే రెండో రోజు హోల్డుల చోట్లు మార్చబోతే బోల్టు తిరగదు.

వేళ్లతో_చదివేవాడు
చూపులేని పిల్లలతో పనిచేస్తున్నాను. వాళ్లను తీసుకురావచ్చునా? 2028 లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్‌లో పారా క్లైంబింగ్ తొలిసారి చేరుతోందని విన్నప్పటి నుంచి మా పిల్లలు అదే అడుగుతున్నారు.

తాడుముడి
తప్పక తీసుకురండి. కింద నిలబడినవారు గడియారం లెక్కన చెప్పాలి: ‘కుడి చెయ్యి, రెండు గంటల వైపు, మూరెడు పైకి’. మూర అంటే ఎవరి మూర అని ముందే నిర్ణయించుకోవాలి, ఎక్కేవారి మూరే కావాలి. పరుపు అంచు ఎక్కడుందో ఎక్కకముందు చేత్తో తడిమి చూపించండి, దిగేచోటు తెలిస్తే ధైర్యం వస్తుంది. గోడ చుట్టూ శబ్దం తక్కువ ఉండాలి కనుక, మైకు విషయంలో నేను ఇప్పుడు ఉదయపు_నడక గారి పక్షం.

కైలాసగిరి_కుర్రాడు
అయితే మైకు మాట విరమించుకున్నాను. ప్లైవుడ్ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.

రాతిబడి
మీ కోసం ఒక మార్గం ఉంది. గోడ పక్కన బల్ల వేసి ఖొండలైట్, చార్నకైట్, భువనగిరి గ్రానైట్ ముక్కలు పెడతాను. ఎక్కి దిగిన పిల్లలు వాటిని పట్టుకుని, గీకి, తేడా చూసి వెళ్తారు. ఆ బల్ల దగ్గర మీరు నిలబడి ఎంతసేపైనా ప్లైవుడ్‌ను తిట్టవచ్చు.

ఉప్పుగాలి
అన్నీ రాసుకున్నాను. తెన్నేటి పార్కు, కైలాసగిరి రెండూ వదిలేశాం. ఊరి లోపలి పార్కులో 4 మీటర్ల గోడలు రెండు, తాడు ప్రదర్శన ఒకటి, ఫిబ్రవరి మొదటి శని ఆదివారాలు. ఉదయం 8 నుంచి 11 వరకు, మళ్లీ 3 నుంచి 5 వరకు. మైకు లేదు. ఆరేళ్ల లోపువారికి అడ్డంగా సాగే దారి మాత్రమే. శనివారం మధ్యాహ్నం సమయమంతా వేళ్లతో_చదివేవాడు గారి పిల్లలకే. 108 వాహనం లోపలికి వచ్చే దారికి అడ్డంగా బండ్లు పెట్టకుండా ఇద్దరు మనుషులు ఉంటారు. వకీలు గారు చెప్పినట్టు తెల్లకాగితం మీద లేఖ రాస్తున్నాం. జతపరచడానికి నేల కొలతలు కావాలి. ఈ ఆదివారం కొలుద్దామనుకుంటున్నాం, వీలున్నవారు రాగలరు.

గాలి_లెక్క
డ్రమ్ములు పెట్టే చోట కింద డ్రైనేజీ మూతలు, కరెంటు కేబుళ్లు లేవని కూడా చూడాలి. నేను వస్తాను.

ఉదయపు_నడక
ఏడున్నరకు నా నడక ముగుస్తుంది, గేటు దగ్గర ఉంటాను. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ నేల కుంగిందో నాకు తెలుసు. కొలత టేపు ఎవరు తెస్తున్నారు?

షామియానా_బాబాయి
నా దగ్గర 30 మీటర్ల టేపు ఉంది, తెస్తాను. టార్పాలిన్ కొలత కూడా అప్పుడే తీసుకుంటాను.